విజిటింగ్ కార్డు మీద కంపెనీ పేరు: మెడికల్ రెప్‌గా దాన్ని తూచి చూసుకోవడం ఎలా

బీఫార్మసీయో బీఎస్సీయో ముగించి, చేతిలో రెండు ఆఫర్లు పెట్టుకున్న కుర్రాళ్లు సీనియర్ రెప్‌లను అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, రెండిట్లో ఏది పెద్ద కంపెనీ?" అడగాల్సిందే. మందుల అమ్మకంలో కంపెనీ పేరు నిజంగానే పనిచేస్తుంది. డాక్టరుగారి అటెండర్ మీ కార్డు లోపలికి పంపుతాడా, బయట బెంచీ మీదే కూర్చోబెడతాడా అన్నది మొదటి నెలల్లో ఆ పేరే తేలుస్తుంది. లెక్క తప్పేది "పెద్ద" అన్న మాట దగ్గర. ఒకే కంపెనీకి డాక్టర్ల దగ్గర ఒక పేరు, సరుకు కొని మెడికల్ షాపులకు పంపే స్టాకిస్టుల దగ్గర ఇంకో పేరు, తోటి రెప్‌ల నోట మరో పేరు ఉంటాయి. వీటిలో మీ కెరీర్‌ను ఎక్కువగా కదిలించేది స్టాకిస్టు కౌంటర్ దగ్గరి పేరేనని నా నమ్మకం. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లలో దాన్ని ఆరా తీసేవాళ్లు మాత్రం బహు తక్కువ.

కొత్తగా చేరేవాళ్లకీ, రెండు మూడేళ్లు పనిచేసి కంపెనీ మారాలనుకునేవాళ్లకీ పనికొచ్చేలా, ఆఫర్ రాకముందు నుంచి రాజీనామా దాకా వరసగా చెప్పుకొద్దాం.

మొదటి అడుగు: ఆ పేరు ఎవరి దగ్గరిదో విడదీయండి

హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఒక చిక్కు ఉంది. జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం మీదుగా తిరుగుతూ చిన్నప్పటి నుంచీ చూసిన బోర్డుల వల్ల కొన్ని పేర్లు మనకు సొంత మనుషుల్లా అనిపిస్తాయి. దివీస్ అంటే ఇంట్లో అందరికీ తెలుసు, షేర్లు కొన్న బాబాయి రోజూ చెబుతుంటాడు. కానీ దివీస్ ప్రధానంగా మందుల్లో వాడే ముడి రసాయనాలు తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్ముతుంది. క్లినిక్‌ల చుట్టూ తిరిగే రెప్‌లతో దానికి పనిలేదు. అరబిందో ఆదాయంలో పెద్ద వాటా అమెరికా, ఐరోపా మార్కెట్లది. ఒమెజ్, నైస్ లాంటి బ్రాండ్లతో డాక్టర్ రెడ్డీస్‌కు మాత్రం మన దేశంలోనే పెద్ద ఫీల్డ్ బలగం ఉంది. మూడూ మనవాళ్ల కంపెనీలే, మూడూ పేరున్నవే. రెప్ ఉద్యోగం కోణంలో చూస్తే వీటిని ఒకే గాటన కట్టలేం.

దీనికి తలకిందుల ఉదాహరణ మ్యాన్‌కైండ్. 1995లో మొదలై, పెద్ద కంపెనీల రెప్‌లు అరుదుగా వెళ్లే చిన్న ఊళ్లలోకి తక్కువ ధర మందులతో వెళ్లి మార్కెట్ కట్టుకుంది. నగరంలో స్పెషలిస్టుల దగ్గర తిరిగే రెప్‌లు దాన్ని చిన్నచూపు చూసిన రోజులున్నాయి. 2023లో అది స్టాక్ మార్కెట్‌కి వచ్చేసరికి దేశీయ అమ్మకాల్లో మొదటి వరుస కంపెనీల్లో ఒకటి. పేరు కదులుతూ ఉంటుంది కాబట్టి ఈ రోజు ఎక్కడుందో చూసి ఊరుకోకుండా ఎటు పోతోందో కూడా కనుక్కోవాలి.

డాక్టర్ దగ్గరికొస్తే, అక్కడ లెక్కకొచ్చేది డివిజన్ పేరు. పెద్ద కంపెనీల్లో పది పదిహేను డివిజన్లు ఉండటం మామూలే. గుండె మందుల డివిజన్ రెప్‌ని చూడగానే కార్డియాలజిస్ట్ తల ఊపుతాడు. అదే కంపెనీ నిరుడు మొదలుపెట్టిన చర్మవ్యాధుల డివిజన్ రెప్‌ని డెర్మటాలజిస్ట్ "ఇదెప్పుడు వచ్చింది?" అని అడుగుతాడు. ఆఫర్ వచ్చినప్పుడు కంపెనీ పేరు విని ఊరుకోకండి. ఏ డివిజన్, అందులో మొదటి మూడు బ్రాండ్లు ఏవి, అవి మీ ఊళ్లో ఎవరు రాస్తున్నారు అన్నవి రాసుకోండి.

రెండో అడుగు: స్టాకిస్టు దగ్గర కూర్చోండి

స్టాకిస్టుకు షెడ్యూల్ కాని మందుల మీద ఆనవాయితీగా వచ్చే మార్జిన్ 10 శాతం, షెడ్యూల్ మందుల (ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించేవాటి) మీద 8 శాతం. రిటైలర్‌కు ఇవి 20, 16. ఆ 8-10 శాతంలోనే స్టాకిస్టు గోడౌన్ అద్దె, కుర్రాళ్ల జీతాలు, అప్పులు, డిస్కౌంట్లు అన్నీ సర్దుకోవాలి. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి పంపినప్పుడు కంపెనీ దాని డబ్బు సర్దుబాటు చేసే క్రెడిట్ నోట్ ఆరు నెలలు తొక్కిపెడితే అతని లాభం మొత్తం అందులోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు అతను గొడవ పెట్టుకోడు, కోర్టుకు వెళ్లడు. మీ కంపెనీ ఆర్డర్ తగ్గిస్తాడంతే.

తర్వాత జరిగేది చూడండి. డాక్టర్ మీ బ్రాండ్ రాస్తాడు. కెమిస్ట్ స్టాకిస్టుకు ఫోన్ చేస్తే "లేదు, రెండు రోజులాగాలి" అంటాడు. కెమిస్ట్ అదే మాలిక్యూల్ (అసలు మందు పదార్థం) ఉన్న వేరే బ్రాండ్ ఇస్తాడు. రెండుమూడు సార్లు పేషెంట్లు తిరిగొచ్చి "మీరు రాసింది దొరకట్లేదు సార్" అంటే డాక్టర్ రాయడమే మానేస్తాడు. నెలాఖరున మీ సెకండరీ సేల్స్ (స్టాకిస్టు నుంచి షాపులకు వెళ్లే అమ్మకాలు) పడిపోతాయి, ఇన్సెంటివ్ సున్నా, మీటింగ్‌లో మీకు అక్షింతలు. డాక్టర్ని ఒప్పించడంలో మీ లోపమేమీ లేదు. తప్పు ఎక్కడో అకౌంట్స్ విభాగంలో జరిగింది, దెబ్బ మాత్రం మీ మీద పడింది. కంపెనీ పేరు కెరీర్‌ను తాకేది ఈ దారిలోనే. డాక్టర్ గదిలో మాట్లాడే నేర్పు మీద పెట్టే శ్రద్ధలో పావువంతైనా దీనిమీద పెట్టమని కొత్తవాళ్లకు చెబుతుంటాను.

కాబట్టి ఇంటర్వ్యూకి వారం ముందే మీ హెడ్‌క్వార్టర్‌లో (మీరు ఉండి పనిచేయాల్సిన ఊళ్లో) ఆ కంపెనీ సరుకు పెట్టుకున్న స్టాకిస్టు ఎవరో కనుక్కోండి. ఏ మెడికల్ షాపులో అడిగినా చెబుతారు. హైదరాబాద్ అయితే కోఠీ హోల్‌సేల్ దుకాణాల్లో ఒక పూట తిరిగితే చాలు. మధ్యాహ్నం రద్దీ లేని వేళ వెళ్లండి. "ఈ కంపెనీలో చేరదామనుకుంటున్నానండీ, మీ సలహా కోసం వచ్చాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. సలహా అడిగితే కాదనే స్టాకిస్టు అరుదు. అడగాల్సినవి ఇవి:

- ఎక్స్‌పైరీ, బ్రేకేజ్ (పగిలిన సరుకు) క్లెయిమ్‌లు ఎన్నాళ్లలో సెటిల్ అవుతున్నాయి? ఇప్పుడు ఎంత పెండింగ్ ఉంది?
- నెలాఖరులో సరుకు బలవంతంగా దించుతారా? ఇప్పుడు ఎన్ని నెలల స్టాకుంది?
- గత మూడేళ్లలో ఈ హెడ్‌క్వార్టర్‌కి ఎంతమంది రెప్‌లు మారారు? ఎందుకు వెళ్లారు?
- ఏరియా మేనేజర్ మాట ఇస్తే నిలబెట్టుకుంటాడా?

రెండో ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. కంపెనీ నుంచి స్టాకిస్టుకు వెళ్లేది ప్రైమరీ, స్టాకిస్టు నుంచి కెమిస్టుకు వెళ్లేది సెకండరీ. నెలకు లక్ష రూపాయల సెకండరీ ఉన్నచోట నాలుగు లక్షల సరుకు కూర్చుని ఉందంటే, మీకంటే ముందున్న రెప్‌ని టార్గెట్ కోసం పిండేసి డంపింగ్ చేయించారన్నమాట. మీరు చేరాక మొదటి మూడు నాలుగు నెలలు కొత్త ప్రైమరీ రాదు. పైగా గుడ్స్ రిటర్న్‌లు మీ ఖాతాలో పడతాయి. ప్రొబేషన్ అదే సమయంలో నడుస్తుంటుంది.

స్టాకిస్టు తర్వాత రెప్‌ల దగ్గరికి వెళ్లండి. విజయవాడ సూర్యారావుపేటలో, నెల్లూరు పొగతోటలో, గుంటూరు కొత్తపేటలో సాయంత్రం ఏ క్లినిక్ మెట్ల మీద చూసినా బ్యాగులతో నలుగురు నిలబడి ఉంటారు. వాళ్లు చెప్పేదంతా వేదవాక్కు అనుకోనక్కర్లేదు. తిట్టే గొంతుల్లో కొన్ని సొంత కోపాలు ఉంటాయి. అయినా టీఏ, డీఏ (ప్రయాణ ఖర్చు, రోజువారీ భత్యం) బిల్లులు ఏ తేదీకి పడుతున్నాయి, ఇన్సెంటివ్ లెక్క సంవత్సరం మధ్యలో మారుస్తారా, మానేసినవాళ్లకు ఫుల్ అండ్ ఫైనల్ (రావాల్సిన బాకీల ఆఖరి లెక్క) ఎన్నాళ్లకు వచ్చింది అన్న మూడు విషయాల్లో వాళ్ల మాటలు కలిస్తే నమ్మేయొచ్చు.

మూడో అడుగు: కాగితాల్లో పేరు చూడండి

మాటల్లో విన్నదాన్ని సరిచూసుకోడానికి ఇంట్లో కూర్చుని చేసే పని కొంత ఉంది.

పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో కంపెనీల్ని వెతికే సదుపాయం ఉంది. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. చిన్న, మధ్యతరహా కంపెనీల విషయంలో దీనికి మించిన అద్దం లేదు. నెలల తరబడి ఆలస్యంగా కట్టే కంపెనీ మీ ఖర్చుల బిల్లులు మాత్రం టైముకు ఇస్తుందని ఆశపడకండి. ఉద్యోగుల సంఖ్య నెలనెలా తగ్గుతూ ఉన్నా అర్థం చేసుకోండి.

స్టాక్ మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీ అయితే వార్షిక నివేదిక తీయండి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే భాగం ఇవ్వాలి. అందులో శాశ్వత ఉద్యోగుల్లో ఏటా ఎంత శాతం మంది వెళ్లిపోతున్నారో మూడేళ్ల లెక్క ఉంటుంది. ఇన్వెస్టర్లకు చూపే ప్రజెంటేషన్లలో రెప్‌ల సంఖ్య, ఒక్కో రెప్‌కు నెలకు సగటు అమ్మకం కూడా చాలా కంపెనీలు రాస్తాయి. ఫీల్డ్‌లో మనం పీసీపీఎం అనేది అదే. సగటు ఆరు లక్షలున్న కంపెనీ మిమ్మల్ని రెండు లక్షల అమ్మకమే ఉన్న టెరిటరీలో (ప్రాంతంలో) వేసి ఆరు అడుగుతోందంటే ఇంటర్వ్యూలో మాట్లాడాల్సిన విషయం మీకు దొరికినట్టే.

కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ నాణ్యత ప్రమాణాలకు నిలవని బ్యాచ్‌ల జాబితాను నెలనెలా విడుదల చేస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ విభాగాలు కూడా హెచ్చరికలు ఇస్తుంటాయి. కంపెనీ పేరు ఒకసారి కనిపిస్తే కంగారు పడొద్దు. ఏడాదిలో మళ్లీ మళ్లీ, వేర్వేరు మందులకు కనిపిస్తుంటే మాత్రం జీతం ఎంత చెప్పినా ఆలోచించండి. బ్రాండ్ ఒకరిది, తయారీ ఇంకొకరిది కావడం మన మార్కెట్లో సర్వసాధారణం. స్ట్రిప్ వెనక "తయారీదారు" అని ఎవరి పేరుందో చూసి ఆ పేరుతో కూడా వెతకండి.

నాలుగో అడుగు: ఇంటర్వ్యూ, ఆఫర్ లెటర్

"ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయ్యింది?" అని మర్యాదగా అడగండి. ప్రమోషన్ మీద వెళ్లాడని చెబితే ఎవరు, ఎక్కడికి అని అడగండి. మంచి మేనేజర్ ఆ పేరు గర్వంగా చెబుతాడు, నంబర్ కూడా ఇస్తాడు. "కమిట్‌మెంట్ లేదండీ వాడికి" అన్న జవాబొస్తే, స్టాకిస్టు దగ్గర మీరు విన్నదానితో పోల్చి చూసుకోండి.

లెటర్ విషయం క్లుప్తంగా. నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం వచ్చిన 1976 నుంచి ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఉంది. "చేరండి, లెటర్ తర్వాత పంపిస్తాం" అనే చోట చేరకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామన్నా, ఖాళీ చెక్కు అడిగినా లేచి వచ్చేయండి, ఎంత పేరున్న కంపెనీ అయినా సరే. ఫిక్స్‌డ్ జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత, హెడ్‌క్వార్టర్ ఏది, ఎక్స్-స్టేషన్ (వెళ్లి అదే రోజు తిరిగొచ్చే ఊళ్లు), అవుట్‌స్టేషన్ (రాత్రి బస చేయాల్సిన ఊళ్లు) డీఏ ఎంత అన్నవి కాగితం మీద ఉండాలి. అమ్మాయిలైతే రాత్రి బస ఉండే టూర్లు నెలకు ఎన్నో, హోటల్ ఎవరు బుక్ చేస్తారో ముందే తేల్చుకోండి. ఈ ప్రశ్నకి తడుముకునే కంపెనీలో ఆడవాళ్లు ఎక్కువ కాలం పనిచేసి ఉండరు.

ఐదో అడుగు: మొదటి సంవత్సరం

పెద్ద పేరున్న కంపెనీలో చేరారనుకోండి. తలుపులు త్వరగా తెరుచుకుంటాయి, ట్రైనింగ్ బాగుంటుంది, డాక్టర్‌కి చూపించడానికి బొమ్మలు, వివరాలతో మంచి విజువల్ ఎయిడ్ చేతికొస్తుంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది. ఆరు నెలలకే డాక్టర్లు మీ కోసమే రాస్తున్నారన్న భ్రమ కలుగుతుంది. పరీక్షించుకునే మార్గం ఒకటుంది: డాక్టర్ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తున్నాడా, కంపెనీ పేరుతో పిలుస్తున్నాడా వినండి. "ఏంటి సన్ ఫార్మా, ఇవాళ ఆలస్యం?" అంటున్నంతకాలం మీరు అద్దె ఇంట్లో ఉన్నట్టే. ఒక అరుదైన దుష్ప్రభావం గురించి ఆయన అడిగిన ప్రశ్నకు మీ కంపెనీ మెడికల్ విభాగంతో మాట్లాడి రెండు రోజుల్లో జవాబు తీసుకెళ్లండి. తెలియనిది తెలియదని చెప్పండి. పక్క కంపెనీ బ్రాండ్‌ని కించపరచకండి. పేరు పెట్టి పిలవడం అలాగే మొదలవుతుంది.

చిన్న కంపెనీలో చేరినవాళ్ల పని వేరు. అక్కడ పేరు మీరే తేవాలి, కాబట్టి అందరి దగ్గరికీ పరుగెత్తకండి. ఎంసీఎల్‌లో (కలవాల్సిన డాక్టర్ల జాబితాలో) నూట యాభై మంది పేర్లు రాసి డీసీఆర్ (రోజువారీ రిపోర్టు) నింపడం తేలిక. పాతిక మంది డాక్టర్లు, వాళ్ల క్లినిక్‌ల పక్కనే ఉన్న పది షాపులు, ఒక నమ్మకమైన స్టాకిస్టు: ఈ ముగ్గురి మధ్య సరుకు ఎప్పుడూ ఖాళీ కాకుండా చూసుకోండి. వారానికి ఒకసారి ఆ షాపుల్లో ఆర్సీపీఏ (ఏ డాక్టర్ ఏ బ్రాండ్ రాస్తున్నాడో ఆరా తీసే సర్వే) నిజాయతీగా చేయండి. దొరుకుతుందన్న నమ్మకం కలిగితే తెలియని కంపెనీ మందునైనా డాక్టర్ రాస్తాడు. కాకపోతే ఎవరి దగ్గర తయారైందో, పరీక్షల పత్రం ఉందో అడుగుతాడు. అడిగినప్పుడు బ్యాగులోంచి తీసి చూపించగలగాలి.

ఇక్కడ ఒక మాట. వెలుపలి పరిస్థితి కూడా బిగుసుకుంటోంది. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెప్‌లు డాక్టర్లను కలవకుండా 2025లో ఆదేశాలొచ్చాయి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలాచోట్ల వారానికి ఒకరోజు, కొన్నిచోట్ల ముందే అపాయింట్‌మెంట్. కలిసే నిమిషాలు తగ్గేకొద్దీ, లోపలికి ఎవరిని పిలవాలన్నప్పుడు కంపెనీ పేరు, రెప్ పేరు రెండూ తూకంలోకి వస్తాయి.

ఆరో అడుగు: కంపెనీ వార్తల్లోకెక్కితే

రాన్‌బాక్సీ దేశంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటిగా వెలిగింది. నాణ్యత పరీక్షల సమాచారం తారుమారు చేసిన కేసులో 2013 మేలో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. సంస్థలోనే పనిచేసిన దినేశ్ ఠాకూర్ బయటపెట్టిన సంగతులవి. ఆ తప్పుతో ఇక్కడి జిల్లాల్లో తిరిగే రెప్‌కి ఏ సంబంధమూ లేదు. అయినా "మీ మందులు మంచివేనా?" అన్న ప్రశ్నను క్లినిక్‌లో ఎదుర్కోవాల్సింది అతనే. 2014లో సన్ ఫార్మా కొనుగోలు ప్రకటించింది, 2015 మార్చిలో విలీనం ముగిసింది, కార్డు మీద పేరే మారిపోయింది.

ఇలాంటి రోజు ఎవరికైనా రావచ్చు. వచ్చినప్పుడు వరసగా చేయాల్సినవి చెబుతాను.

మొదట, వార్త ఏ రకందో తేల్చుకోండి. 2024 సెప్టెంబర్‌లో బయటికొచ్చిన నాణ్యత లేని మందుల జాబితాలో షెల్కాల్ 500, పాన్-డీ లాంటి ఇంటింటికీ తెలిసిన పేర్లు కనిపించాయి. ఆ బ్యాచ్‌లు తాము తయారుచేసినవి కావు, నకిలీవి అని కంపెనీలు చెప్పాయి. అక్కడ రెప్ చేయాల్సింది సమాచారం పట్టుకెళ్లడం. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోన్‌తో స్కాన్ చేసి అసలు స్ట్రిప్‌ని గుర్తించడం ఎలాగో కెమిస్టుకు కౌంటర్ దగ్గరే చూపించండి. పది నిమిషాల పని. అది ఆ కెమిస్టుకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

2025 అక్టోబర్‌నాటి కోల్డ్‌రిఫ్ దగ్గు మందు సంగతి వేరు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం దొరికింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా వాడొద్దని హెచ్చరించింది. ఇలాంటి చోట కంపెనీని వెనకేసుకు రావడం రెప్ పని కానే కాదు. మీ బ్యాగులోని శాంపిల్స్‌తో సహా ఆ బ్యాచ్ మొత్తాన్ని పక్కన పెట్టించి, ఏ షాపులో ఎన్ని ఉన్నాయో రాసుకుని, స్టాకిస్టు సంతకంతో కంపెనీకి మెయిల్ చేయండి. ఆ మెయిల్ మీ దగ్గర ఉండాలి.

రెండోది, హెడ్ ఆఫీసు నుంచి లిఖితపూర్వక వివరణ వచ్చేదాకా మీ సొంత వివరణ ఇవ్వకండి. "అదంతా పోటీ కంపెనీల కుట్ర సార్" అన్న మాట నోట్లోంచి వస్తే తిరిగి తీసుకోలేరు. "నాకు ఇంకా పూర్తి సమాచారం రాలేదు సార్, రాగానే కాగితంతో వస్తాను" అంటే చాలు, డాక్టర్ అర్థం చేసుకుంటాడు. అన్నరోజుకు వెళ్లండి, కాగితం రాకపోతే రాలేదని చెప్పడానికైనా వెళ్లండి. కంపెనీ చిక్కుల్లో పడ్డప్పుడు ఫీల్డ్ నుంచి మాయమైపోయే రెప్‌లు ఎక్కువ. ముఖం చూపించినవాడిని వేరే కంపెనీ కార్డుతో వచ్చినా డాక్టర్లు గుర్తుపడతారు.

మూడోది, వాట్సాప్ గ్రూపులు. తిట్టినా, సమర్థించినా స్క్రీన్‌షాట్‌గా మారుతుంది. ఏమీ రాయకండి.

ఏడో అడుగు: డబ్బు, కానుకలు

కంపెనీ పేరు చెడేది, దాంతోపాటు రెప్ పేరూ చెడేది ఎక్కువగా ఇక్కడే. డాక్టర్లకిచ్చే కానుకల ఖర్చును కంపెనీలు పన్ను లెక్కల్లో వ్యాపార ఖర్చుగా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లాబొరేటరీస్ కేసులో తేల్చింది. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం యూసీపీఎంపీ అనే మార్కెటింగ్ నియమావళి ప్రకటించింది. డాక్టర్లకు, వాళ్ల కుటుంబాలకు కానుకలు, విహారయాత్రలు, నగదు కూడదు. బ్రాండ్ గుర్తుచేసే వస్తువు విలువ రూ. 1,000 దాటకూడదు. ఒక డాక్టర్‌కు ఒక మందువి ఏడాదికి 12కు మించి శాంపిల్ ప్యాకులు ఇవ్వకూడదు. డాక్టర్‌ని కలవడానికి డబ్బు చెల్లించకూడదు. షరతులేమీ చెప్పకుండా మందుని "సురక్షితం" అనడం కూడా కుదరదు. రెప్‌లు చేసే పనులకు కంపెనీదే బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది.

ఇవన్నీ కాగితం మీద. ఫీల్డ్‌లో జరిగేది ఇలా ఉంటుంది: మేనేజర్ ఫోన్ చేసి, "ఫలానా డాక్టర్‌కి నువ్వు ముందు పెట్టు, వచ్చే నెల ఎక్స్‌పెన్స్‌లో వేరే పేరుతో వేసుకో" అంటాడు. మీ ఖాతా నుంచి డబ్బు వెళ్తుంది. రేపు ఆడిట్ వస్తే దొంగ బిల్లు పెట్టింది మీరే అవుతారు, కంపెనీ నియమావళి చూపించి చేతులు దులుపుకుంటుంది. పాటించాల్సింది ఒకటే: మీ జేబులోంచి, మీ యూపీఐలోంచి డాక్టర్‌కి ఒక్క రూపాయి వెళ్లకూడదు. "సార్, ఒక మెయిల్ పెట్టండి, చేస్తాను" అనండి. ఆ మెయిల్ ఎప్పటికీ రాదు. ఆ మేనేజర్‌తో కొంతకాలం ఇబ్బంది పడొచ్చు. ఒత్తిడి హద్దు మీరితే ఎఫ్‌ఎమ్మార్‌ఏఐ లాంటి రెప్‌ల సంఘం వైపు చూడండి. 1963 నుంచి ఉన్న సంఘం అది. మందుల ప్రచారంలో కానుకల మీద సుప్రీంకోర్టుకు వెళ్లిందీ అదే.

ఎనిమిదో అడుగు: బ్రాండ్ అమ్ముడుపోతే

బహుళజాతి కంపెనీ అంటే పదవీ విరమణ దాకా నిశ్చింత అన్న కాలం పోయింది. నోవార్టిస్ 2022లో వోవెరాన్ బ్రాండ్ల అమ్మకం, పంపిణీని డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించింది, ఆ బ్రాండ్లు మోసిన ఫీల్డ్ సిబ్బంది ఉద్యోగాలకు ఎసరొచ్చింది. సనోఫీ 2024లో కార్డేస్, క్లెక్సేన్ వంటి బ్రాండ్ల పంపిణీని ఎమ్‌క్యూర్ చేతికిచ్చింది. యూనికెమ్ దేశీయ వ్యాపారాన్ని టొరెంట్ 2017లో కొంది. బ్రాండ్ అదే, రాసే డాక్టర్లు వాళ్లే, పంపిణీ చేసే కంపెనీ మారింది.

అలాంటి వార్త వినగానే రాజీనామా రాసేయకండి. ఉద్యోగం బదిలీ అవుతోందా, కొత్తగా చేర్చుకుంటారా అన్నది ముందు లిఖితంగా తెలుసుకోండి. పాత సర్వీసు కొనసాగితే గ్రాట్యుటీ లెక్కా కొనసాగుతుంది. కొత్తగా చేరినట్టు సంతకం పెడితే సున్నా నుంచి మొదలు. ఐదేళ్లకు నాలుగు నెలల దూరంలో ఉన్నవాడికి ఆ సంతకం ఖరీదు ఎక్కువ. ఈలోగా కొనుక్కున్న కంపెనీ ఏరియా మేనేజర్ని వెళ్లి కలవండి. కొత్తగా చేతికొచ్చిన బ్రాండ్‌ని ఏ డాక్టర్ ఎందుకు రాస్తాడో తెలిసిన మనిషి అప్పుడు అతనికి చాలా అవసరం.

చివరి అడుగు: మారేటప్పుడు

తీసుకునే మేనేజర్ మీ బయోడేటాలో మూడు చూస్తాడు: ఏ కంపెనీ, ఎన్నాళ్లు, ఏ డాక్టర్ల దగ్గర. పేరున్న చోట మూడేళ్లుంటే ట్రైనింగ్ అయిపోయిన మనిషి అనుకుంటాడు. పేరు లేనిచోట మూడేళ్లుండి సెకండరీ పెంచి చూపిస్తే, నా ఉద్దేశంలో అది ఇంకా గట్టి బయోడేటా. అక్కడ మిమ్మల్ని మొయ్యడానికి కంపెనీ పేరు లేదు కదా. అంకెలు నోటితో చెప్పకండి. స్టాకిస్టు స్టేట్‌మెంట్ల ఆధారంగా మీ టెరిటరీ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో ఒక పేజీలో రాసుకెళ్లండి. డాక్టర్ల జాబితాలు, కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. వాటితో వచ్చినవాడు రేపు మన ఫైళ్లతో కూడా వెళ్తాడని అవతలివాడు అనుకుంటాడు.

చెడ్డపేరున్న కంపెనీ నుంచి వస్తున్నట్టయితే తిట్టకండి, దాచకండి. మీ పీఎఫ్ నంబర్ యూఏఎన్‌లో ఉద్యోగ చరిత్ర ఉంటుంది కాబట్టి నాలుగు నెలల ఉద్యోగాన్ని మింగేయడం ఎలాగూ కుదరదు. "క్లెయిమ్‌లు ఆగిపోయి స్టాకిస్టు సరుకు తీసుకోలేదండీ, డాక్టర్ రాసినా దొరికేది కాదు" అని ఉన్నమాట చెప్పండి. ఫీల్డ్ తెలిసిన మేనేజర్‌కి అంతకంటే వివరం అక్కర్లేదు. ఎలాగూ మీరు గది దాటగానే మీ ఊరి స్టాకిస్టుకే ఫోన్ చేస్తాడు.

అందుకే రాజీనామా ఇచ్చాక ఆఖరి పదిరోజులు స్టాకిస్టుకే కేటాయించండి. పెండింగ్ క్లెయిమ్‌లు ఒక్కొక్కటీ తేదీ, మొత్తంతో రాసి, స్టాకిస్టు సంతకం, స్టాంపు వేయించి, మేనేజర్‌కీ డిపోకీ మెయిల్ చేసి, ఒక కాపీ స్టాకిస్టు చేతికివ్వండి. శాంపిల్స్, బ్యాగు, ట్యాబ్ అప్పగించిన రసీదు తీసుకోండి. రిలీవింగ్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ ఏ తేదీకి వస్తాయో రాతపూర్వకంగా అడగండి. మీ స్థానంలో వచ్చే కుర్రాడిని ఒక పూట వెంట తిప్పి, ఆ పది షాపులవాళ్లకు పేరుపేరునా పరిచయం చేయండి.